అరువు గది రిజిస్టరు

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదు చిన్నదే. ఇంట్లో ఏ వస్తువైనా ఖాళీగా కూర్చుంటే ఆయన చూడలేరు. నేను ఖాళీగా కూర్చుంటే చూడగలరు, అది వేరే సంగతి. రొట్టె ముక్కలు కాల్చే మిషను మూడు వారాలు అలమరలోనే ఉండిపోతే మాత్రం తలుపు తెరిచి, జబ్బుపడ్డ మనిషిని పలకరించడానికి వెళ్ళినట్టు ఓసారి చూసి, నిట్టూర్చి మూస్తారు. అంతటితో ఊరుకుంటే నాకు ఫిర్యాదే లేదు. దాని వీపు మీద ఒక చీటీ అంటించారు: "మూడేళ్ళు. నాలుగుసార్లు." ఇంటికొచ్చిన చుట్టాలు ముందు దాన్ని చదివి, తర్వాత నా వంక చూస్తారు.

ఆయన బేరింగులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్టరు. ఇరవై రెండేళ్ళుగా వెంట్రుకలో పదోవంతు తేడా ఉన్న ముక్కని కూడా పట్టుకుని ఎర్ర పెట్టెలో పడేస్తున్నారు. తన చేతి మీదుగా ఒక్క చెడ్డ ముక్క కూడా గేటు దాటలేదని ఆయనకు గర్వం. ఆ చూపుని సాయంత్రం ఫ్యాక్టరీలోనే వదిలి రావచ్చు కదా. రారు. బండి తాళాలతో పాటు అదీ జేబులో పడి ఇంటికొస్తుంది.

ఒక ఆదివారం గోడకి అద్దం తగిలించడానికి డ్రిల్లు తీశారు. కన్నం వేశారు. అద్దం తగిలించకుండా డ్రిల్లునే చూస్తూ నిలబడ్డారు.

"ఇది కొని ఎన్నాళ్ళయింది?"

"పదకొండేళ్ళు."

ఇల్లంతా తిరిగి గోడలకున్న కన్నాలు లెక్కపెట్టుకొచ్చారు. "ముప్పై ఒకటి. కన్నానికి ఇరవై సెకన్లు వేసుకో. అంటే ఇది పదకొండేళ్ళలో పనిచేసింది పది నిమిషాల ఇరవై సెకన్లు."

"మరి మిగతా టైమంతా ఏం చేసింది?"

"పెట్టెలో పడుకుంది."

"పెట్టి పుట్టింది," అన్నాను నేను, గిన్నెలు తోముతూ.

పై ఆదివారం కాగితం, పెన్ను పట్టుకుని మా బిల్డింగులోని ఇరవై నాలుగు ఫ్లాట్లూ ఎక్కి దిగారు. పదిహేడు డ్రిల్లులు, పద్నాలుగు నిచ్చెనలు, తొమ్మిది వాక్యూమ్ క్లీనర్లు తేలాయి. ఆ కాగితం తీసుకెళ్ళి అసోసియేషన్ మీటింగులో చదివారు. ఒక్క డ్రిల్లు చాలు మనందరికీ, మిగతా పదహారూ ఎందుకు పుట్టాయో పాపం, అన్నారు. మెట్ల పక్కన జెనరేటరు తీసేశాక ఖాళీగా పడున్న గది ఒకటుంది. సామానంతా అందులో పెట్టుకుందాం, కావలసినవాళ్ళు అరువు తీసుకుని వాడుకుని తిరిగిచ్చేద్దాం, ఇకమీదట ఎవరూ కొత్తవి కొనొద్దు. ఇదీ ఆయన ఆలోచన. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోనక్కర్లేదు కదా.

కొట్టనిది సెక్రటరీ గారొక్కరే. ఆయన రైల్వేలో టైమ్ టేబుళ్ళు వేసి రిటైరైన మనిషి. నవ్వు కూడా రావలసిన టైముకే వస్తుంది, ఎక్కువగా ఆలస్యంగా నడుస్తుంటుంది.

"అరువు సొమ్ము బరువు చేటన్నారు పెద్దలు," అన్నారాయన. "ఆ గది నేను పార్సిళ్ళకి అనుకున్నాను. రోజుకి అరవై పార్సిళ్ళు దిగుతున్నాయి. వాచ్‌మన్ కుర్చీలో అవి కూర్చుంటున్నాయి, అతను నిలబడుతున్నాడు." అయినా ఒక షరతు పెట్టారు. "ఆరు నెలలిస్తాను. నలభై అరువులు నడవాలి. ఒక్కటి తగ్గినా గది పార్సిళ్ళది, ఎవరి సామాను వాళ్ళు పట్టుకుపోవాలి."

ఆ వారంలోనే గది నిండిపోయింది. మా బిల్డింగులో ఇంత దానగుణం ఉందని నాకు తెలీదు. పొట్ట తగ్గించుకునే సైకిళ్ళు నాలుగొచ్చాయి. ఆ నాలుగూ ఇన్నాళ్ళూ తువ్వాళ్ళు ఆరేసుకోవడానికే పనికొచ్చినట్టు వాటి హ్యాండిళ్ళే చెబుతున్నాయి. అరికాళ్ళు నొక్కే యంత్రం ఒకటి, చక్రం ఊడిన సూట్‌కేసులు మూడు, ఎవరో పెళ్ళిలో ఎవరికో ఇవ్వగా చేతులు మారి మారి వచ్చిన గాజు గిన్నెల సెట్లు రెండు. వాటి మధ్య పనికొచ్చేవి కూడా కొన్ని: మా డ్రిల్లు, ఒక నిచ్చెన, మంచి వాక్యూమ్ క్లీనరు, కుట్టుమిషను.

మా ఆయన తాళం చెవి జేబులో వేసుకుని, రిజిస్టరు కొని, ఫారం తయారుచేశారు. రెండు పేజీలు. వస్తువు ఏ పనికి? ఆ పని తప్పదా? ఇంతకుముందు ఈ పని చేసిన అనుభవం ఉందా? వాడనప్పుడు ఎక్కడ ఉంచుతారు? చివర సాక్షి సంతకం. గది తెరిచేది రోజూ సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది దాకా. ఆ వేళకి బిల్డింగులో సగంమంది రోడ్ల మీద హారన్లు కొడుతూ ఉంటారు, మిగతా సగం ఇల్లు చేరి చెప్పులు విడిచేసి ఉంటారు. విడిచిన చెప్పులు మళ్ళీ వేసుకోవడమంటే మాటలు కాదు.

మొదటివారం మూడో అంతస్తు పళ్ళ డాక్టరమ్మ వాక్యూమ్ క్లీనరు కోసం దిగింది. గొట్టం ఎలా పట్టుకోవాలో మా ఆయన ఇరవై నిమిషాలు చెప్పారు. ఫారంలో "ఆ పని తప్పదా?" దగ్గర ఆమె ఆగిపోయింది. మళ్ళీ వస్తానని వెళ్ళి, మళ్ళీ రాలేదు.

రెండు రోజుల తర్వాత లిఫ్టులో దొరికితే అడిగాను.

"ఏమనుకోకండి వదినా," అంది. "పైకెళ్ళి ఫోనులో నొక్కాను. మంచినీళ్ళు తాగేలోపు కొత్తది గుమ్మంలో ఉంది. అన్నయ్యగారు మంచివారే. కానీ మత్తు ఇంజెక్షన్ ఇవ్వడానికి కూడా నేను ఇన్ని సంతకాలు పెట్టించుకోను."

నాలుగో అంతస్తులో కాలేజీలో చరిత్ర చెప్పే లెక్చరరుంటారు. కొత్త గడియారం కొని, మేకు కొట్టే దిక్కులేక సోఫాలో కూర్చోబెట్టారని వాళ్ళావిడ చెప్పింది. కిందకొచ్చి డ్రిల్లు పట్టుకెళ్ళచ్చు కదా అన్నాను ఆయనతో.

"చెయ్యి చాచినట్టుంటుందక్కయ్యా. మా నాన్నగారు బతికినన్నాళ్ళూ ఒకరిని అడిగి ఎరగరు."

"అడిగేది డ్రిల్లే కదండీ."

"డ్రిల్లైనా చాచేది చెయ్యే కదా."

ఊరివాళ్ళ సంగతి చెబుతూ నా సంగతి దాచుకోవడం బాగుండదు. ఓ మధ్యాహ్నం మా కర్టెను అంచు ఊడింది. కుట్టుమిషను కింద గదిలో ఉంది. గది తెరిచేది ఏడింటికి. సొంత మొగుడి ముందు నిలబడి, ఈ పని తప్పదని రాసి, సాక్షిని వెతుక్కోవాలి. చేతిలో ఇమిడే కుట్టుమిషను ఒకటి ఫోనులో తెప్పించేశాను. వచ్చిన అట్టపెట్టెని ముక్కలు చేసి ఐదో అంతస్తు చెత్తడబ్బాలో పడేసి వచ్చాను. తాళి కట్టినవాడి కంట పడకుండా చెత్త దాచుకునే రోజొస్తుందని పెళ్ళినాడు ఎవరూ చెప్పలేదు.

నాలుగు నెలలు గడిచాయి. రిజిస్టరులో తొమ్మిది అరువులున్నాయి. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని ఊరికే అనలేదు.

ఆయన మాత్రం రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఏడింటికి కిందికి దిగేవారు. నిచ్చెన తుడిచేవారు. సైకిళ్ళ చక్రాలకి నూనె వేసేవారు. ఎనిమిదింటికి తాళం వేసి పైకొచ్చేవారు.

"ఎవరైనా వచ్చారా?" అని అడిగేదాన్ని.

"ఒకాయన వచ్చాడు."

"ఏం కావాలట?"

"లిఫ్టు ఎటని అడిగాడు."

ఇంతవరకూ నాకు నవ్వుగానే ఉండేది. ఒకరోజు అన్నం తింటూ, ఏదో వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పారు. ఫ్యాక్టరీలో కొత్తగా కెమెరా పెట్టారట. ముక్క బాగుందో లేదో ఇప్పుడు అదే చూస్తుందట.

"మరి మీరు?"

"దాని పక్కన నిలబడి, అది చూస్తోందో లేదో చూస్తాను."

అని, మజ్జిగ పోసుకున్నారు. ఆయన రోజూ చొక్కా ఇస్త్రీ చేసుకుని ఆ గదికెందుకు దిగుతున్నారో నాకప్పుడు తెలిసొచ్చింది. ఆయన కళ్ళతో ఇంకా పనున్న చోటు అదొక్కటే మిగిలింది. అది కూడా పార్సిళ్ళ పాలైతే, సాయంత్రం ఏడింటికి ఆ మనిషి ఎక్కడికి వెళతారు?

మర్నాడు నేను చదువుకున్న డిగ్రీని సార్థకం చేసుకున్నాను. నాలుగు ఖాళీ ఫారాలు తెచ్చి, డాక్టరమ్మ పేరు మీద ఒకటి నింపాను, మందుల చీటీలా వంకర రాతలో. లెక్చరర్ గారి పేరు మీద ఒకటి, గుండ్రటి అక్షరాలతో. సాయంత్రం ఏడుంపావుకి కిందికి వెళ్ళి ఆయన చేతిలో పెట్టాను.

"డాక్టరమ్మకి వాక్యూమ్ క్లీనరు కావాలట, లెక్చరర్ గారికి డ్రిల్లట. క్లినిక్కు నుంచీ కాలేజీ నుంచీ వచ్చేసరికి మీరు మూసేస్తున్నారని నాతో పంపారు."

"సాక్షి?"

"నేనే."

అబద్ధానికి సాక్షి దొరకడం ఎంత తేలికో ఆ రోజే చూశాను. ఆయన మొహం వెలిగింది. డ్రిల్లుని పసిపిల్లని అందించినట్టు అందించారు. దాన్ని తెచ్చి మా మంచం కింద పెట్టాను, వాక్యూమ్ క్లీనరుని దుప్పట్ల వెనక. మూడో రోజు తిరిగిచ్చాను. ఆయన అద్దాలు సర్దుకుని అన్ని వైపులా తిప్పి చూశారు.

"ఒక్క గీత లేదు. దుమ్ము కూడా లేదు. మనవాళ్ళు ఇంత పద్ధతిగా వాడతారనుకోలేదోయ్."

అక్కణ్ణుంచి నాకు తీరిక లేకపోయింది. వారానికి నాలుగు అరువులు. ఎవరింటికి ఏ రాతో మరిచిపోకుండా పోపుల డబ్బా మూత లోపల రాసుకున్నాను. నిచ్చెనైతే మెట్ల మీదుగా మోసుకురావాలి, రెండో అంతస్తు కాబట్టి బతికిపోయాను. ఆ డ్రిల్లు మా మంచం కింద ఉండగా అదే మంచం మీద పడుకుని, లెక్చరర్ గారు ఎంత జాగ్రత్తపరుడో ఆయన నాకు చెబుతుండేవారు. పలకరిస్తే మొహమాటపడతారని అరువు తీసుకున్నవాళ్ళని ఆయన ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఆ మర్యాదే నన్ను కాపాడింది.

గడువుకి ముందురోజు లెక్కేస్తే ముప్పై తొమ్మిది. ఇంకొకటి కావాలి. డాక్టరమ్మ పేరైనా రాయచ్చు, లెక్చరర్ పేరైనా రాయచ్చు. కానీ చెయ్యి తిన్నగా ఉంటేగా. అంత షరతు పెట్టిన పెద్దమనిషి పేరే ఆ నలభయ్యో గడిలో ఉంటే ఎంత అందంగా ఉంటుందో అనిపించింది. సెక్రటరీ గారి ఫ్లాటు నంబరు వేసి, నిచ్చెన, ఫ్యాను రెక్కలు తుడవడానికి, అని రాశాను. రైల్వే వాళ్ళ రాతలా నిటారుగా.

మర్నాడు ఉదయం పదింటికి సెల్లారులో మీటింగు. ప్లాస్టిక్ కుర్చీలు, ఒక బల్ల, బల్ల మీద రిజిస్టరు. మా ఆయన లేచి నిలబడ్డారు. రిజిస్టరు తెరిచారు.

"మొత్తం నలభై," అన్నారు. "ముందుగా లెక్చరర్ గారిని మెచ్చుకోవాలి. ఏడుసార్లు డ్రిల్లు తీసుకెళ్ళారు. ఏడుసార్లూ కొత్తదానిలా తిరిగిచ్చారు."

లెక్చరర్ గారు అటూ ఇటూ చూశారు. అందరి తలలూ ఆయన వైపు తిరిగాయి, రెండు చప్పట్లు కూడా పడ్డాయి. ఆయన మెల్లగా లేచి చేతులు జోడించారు.

"ఏదో, నా వంతు," అన్నారు.

పక్కనున్న వాళ్ళావిడ ఆయన చొక్కా పట్టి లాగింది. "ఏడుసార్లా? గడియారం ఇంకా సోఫాలోనే ఉంది. ఎవరింట్లో కొట్టొచ్చారు మేకులు?"

"కాలేజీలో. పిల్లలకి చూపించడానికి."

"చరిత్ర పాఠానికి డ్రిల్లెందుకండీ?"

"తవ్వకాలు," అన్నారాయన, కూర్చుంటూ.

మా ఆయన తర్వాతి పేరు చదివారు. నాలుగుసార్లు వాక్యూమ్ క్లీనరు తీసుకున్న డాక్టరమ్మ అడక్కుండానే లేచింది. "మనం మారకపోతే ఇంకెవరు మారతారండీ. వస్తువు సొంతం చేసుకోవడం కాదు, వాడుకోవడం నేర్చుకోవాలి," అని చక్కగా మాట్లాడింది. ఆ తర్వాత ఐదో అంతస్తు వాళ్ళు, రెండో అంతస్తు మూల ఫ్లాటు వాళ్ళు. పేరు పిలిచిన ప్రతివాళ్ళూ తలలూపారు. ఒక్కళ్ళూ కాదనలేదు. నేను రాసిన అబద్ధాలని జనం ఇంత ఆప్యాయంగా పెంచుకుంటారని కలలో కూడా అనుకోలేదు.

"చివరిగా," అన్నారు మా ఆయన, గొంతులో చిన్న గర్వంతో, "సెక్రటరీ గారు. నిచ్చెన."

సెక్రటరీ గారు అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"నేను తీసుకోలేదు."

"మీ ఫ్లాటు నంబరే ఉంది సార్."

"నాకు సొంత నిచ్చెనుంది. ఎనిమిది మెట్లది. ఫ్యాను రెక్కలు మా ఇంట్లో ప్రతి నెలా ఒకటో తారీకు తుడుస్తాను. మీ నిచ్చెనతో నాకేం పని?" బిల్డింగు మొత్తానికి నిజం చెప్పిన మనిషి ఆయనొక్కరే.

మా ఆయన ఆ ఫారం చేతిలోకి తీసుకున్నారు. వెనక్కి తిప్పి ఇంకో ఫారం చూశారు. ఇంకోటి. ఇన్నాళ్ళూ సంతోషం వేడి టీ ఆవిరిలా ఆయన అద్దాలని కమ్మేసింది. ఇప్పుడు తేటపడింది. రాతలైతే నేను మార్చగలిగాను గానీ, నాలుగు అంకెకి తోక కొంచెం పొడుగ్గా లాగే నా అలవాటు మార్చలేదు. పద్దెనిమిదేళ్ళుగా సరుకుల చీటీల్లో ఆయన చూస్తున్న తోక అది. తలెత్తి నా వైపు ఒక్కసారి చూశారు. నేను చీర కుచ్చెళ్ళు చూసుకున్నాను.

"పొరపాటు నాదే సార్," అన్నారాయన. "నంబరు తప్పు వేసుకున్నాను. ఇది కొట్టేయండి."

"అయితే ముప్పై తొమ్మిది," అన్నారు సెక్రటరీ గారు. "షరతు షరతే. గది పార్సిళ్ళకి. సాయంత్రంలోపు ఎవరి సామాను వాళ్ళు ఇళ్ళకి పట్టుకుపోండి."

సెల్లారులో ఒక్కసారిగా గొడవ మొదలైంది. అరువుల మీద అంత ప్రేమ నేనెప్పుడూ చూడలేదు. "సైకిలు ఎక్కడ పెట్టుకుంటామండీ, ఆ మూలలో ఫ్రిజ్ పెట్టేశాం," అన్నారొకరు. "ఆ గాజు గిన్నెలు మళ్ళీ నా మొహాన కొట్టకండి," అని ఇంకొకావిడ. "ఒక్కటి తక్కువైతే కొంపలేం మునగవు సార్," అంది డాక్టరమ్మ. చేతులెత్తమంటే ఇరవై మూడు చేతులు లేచాయి. అరికాళ్ళు నొక్కే యంత్రం ఇచ్చినాయన రెండు చేతులూ ఎత్తాడు, ఒకటి దించమన్నారు. గది నిలిచిపోయింది.

హమ్మయ్య అనుకున్నాను. అప్పుడు సెక్రటరీ గారు గొంతు సవరించుకున్నారు.

"గది ఉంచండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ అరువు తీసుకోని మనిషి పేరు రాసుకున్న ఆయన చేతిలో తాళం ఉండటం నాకు నచ్చదు. ఆయనే ఒప్పుకున్నారుగా పొరపాటని. ఇంకెవరైనా చూసుకుంటారు."

పేర్లు పిలిస్తే లేచి నిలబడినవాళ్ళందరూ ఇప్పుడు నేల చూపులు చూస్తున్నారు. మా ఆయన జేబులోంచి తాళం చెవి తీసి, అలవాటుగా చొక్కాకి తుడిచి, బల్ల మీద పెట్టారు.

"న్యాయమే సార్," అన్నారు. "తప్పుడు ముక్క నా చేతి మీదుగా పోయింది."

ఇరవై రెండేళ్ళలో ఆ మాట ఆయన ఎవరితోనూ అని ఉండరు. నేను లేచాను.

"కూర్చోవోయ్," అన్నారాయన, పెదాలు కదపకుండా.

కూర్చోలేదు. బల్ల దగ్గరికి నడిచి తాళం చెవి తీసి ఆయన చేతిలో పెట్టి, వేళ్ళు మూశాను.

"సెక్రటరీ గారూ, ఆ నలభైలో నిజమైనవి తొమ్మిది. మిగతా ముప్పై ఒకటీ నేను రాసినవే. సాక్షి సంతకాలూ నావే. డాక్టరమ్మ గారి వాక్యూమ్ క్లీనరు నాలుగుసార్లూ మా దుప్పట్ల వెనకే ఉంది."

డాక్టరమ్మ ఫోను తీసి ఏదో చాలా ముఖ్యమైనది చదవడం మొదలుపెట్టింది. లెక్చరర్ గారి భార్య లేచింది.

"మరి ఏడుసార్లు డ్రిల్లు, వదినా?"

"మా మంచం కింద. మీ ఆయన పాపం దాన్ని కంటితో కూడా చూడలేదు."

"తవ్వకాలు," అంది ఆవిడ, భర్త వైపు తిరిగి. ఆయన సెల్లారు పైకప్పుని చరిత్రలో మొదటిసారి చూస్తున్నట్టు చూస్తున్నారు.

సెక్రటరీ గారు పెన్ను మూత పెట్టారు. "అయితే మీ ఆయన తప్పు వేశానన్న నంబరు?"

"ఆయన వెయ్యలేదండీ. నా అంకె గుర్తుపట్టి, నన్ను కాయడానికి తన మీద వేసుకున్నారు." ఇన్నేళ్ళ కాపురంలో నా నోటికి ఎప్పుడూ రాని మాట ఒకటుంది. ఇప్పుడు బయటికొచ్చింది, అంతమందిలో, ఆయన వింటుండగా.

"తప్పు నాదే."